ఎడమ కాలికి పని లేని కారు

మార్చి 3, సోమవారం

ట్రయల్ ఫారం ఇచ్చారు. ఇరవైనాలుగు గళ్లు. ప్రతి గడిలో ఒక మాట, ఒక అంకె. గడిలో పట్టని సంగతులు ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి కాబట్టి ఈ నోటుబుక్కు.

మా పాత డాక్టరు కారు నాలుగు లక్షల కిలోమీటర్లు తిరిగి చేతులెత్తేసింది. డాక్టరు కారంటే అంబులెన్సు కాదు. అంబులెన్సు తర్వాత వస్తుంది, పడుకోబెట్టి తీసుకెళ్లడానికి. దానికంటే ముందే డాక్టరమ్మనీ, మందుల పెట్టెనీ, గుండెకి షాక్ ఇచ్చే మెషీన్‌నీ పేషంటు గుమ్మంలో దించడం నా పని. అందుకే మాకు ఎస్టేట్ కారే కావాలి. వెనక సామాను మొత్తం పట్టేంత పొడుగు, ముందు రేసుకారంత ఇంజను.

ఇన్‌ఛార్జిగారు రెండు తెప్పించారు. ఇంజను ఒకటే, బాడీ ఒకటే. ఎర్రదానికి గేర్లు మనం వెయ్యాలి, బూడిదరంగుది తనే వేసుకుంటుంది. ఒక్కోదాన్ని రెండు వారాలు నిజం కాల్స్ మీదే నడిపి, ఏది కొనాలో నేను రాసివ్వాలట. ఇరవయ్యారేళ్ల సర్వీసు, నీ మాటే ఫైనల్ అన్నారు. పక్కనే ఉన్న మా బావమరిది ఇకిలించాడు. గెలిచేదెవరో తెలిసిన ఆటకి అంపైర్ ఎందుకు సార్ అన్నాడు. వాడూ ఇక్కడ డ్రైవరే. స్టీరింగు పట్టుకోవడం నేర్పింది నేను.

వాడు అన్నదాంట్లో తప్పు లేదు. స్టేషన్లో నా పేరు గేర్ల మాస్టారు. ఆటోమేటిక్ నడిపేవాడు డ్రైవరు కాదు, ముందు సీట్లో కూర్చున్న ప్యాసింజరు అని నేనే వందసార్లు వాగాను.

ఎవరికీ తెలియనిది ఒకటుంది. నా ఎడమ కాలు పోతోంది.

మార్చి 4, మంగళవారం

నిన్నటి ఆఖరి లైను పొద్దున చదివాను. నోటుబుక్కుని బీరువాలో చొక్కాల కింద పెట్టాను.

రాశాను కాబట్టి మొత్తం రాసేస్తాను. నవంబరులో మొదలైంది. నడుం దగ్గర డిస్కు జారి నరం నొక్కుకుపోతోందట. తొడలో బలం తగ్గుతుంది, పాదం ఒక్కోసారి మొద్దుబారుతుంది. ఇక్కడెవరికీ తెలియకూడదని రెండు గంటలు బస్సులో వేరే ఊరు వెళ్లి చూపించుకున్నాను. ఆపరేషన్ చేయించుకున్నా పోయిన బలం తిరిగొస్తుందని గ్యారంటీ లేదన్నాడు అక్కడి నరాల డాక్టరు. ఏం చేస్తుంటారని అడిగితే గుమాస్తాని అన్నాను. కూర్చుని చేసే పనేగా, ఫరవాలేదు అన్నాడు. నేనూ కూర్చునే చేస్తాను మరి.

లెక్క తేలికే. ఎర్రది కొంటే ఆర్నెల్లలో నా కథ ముగుస్తుంది, క్లచ్ తొక్కలేను. బూడిదరంగుది కొంటే రిటైరయ్యేదాకా, అంటే ఇంకో ఆరేళ్లు, నన్ను ఆ సీట్లోంచి లేపేవాడు లేడు. ఆ సీటు లేకపోతే నేనెవర్నో నాకు తెలియదు. రాయాల్సింది నేనే. నా పంట పండినట్టే. మరి ఈ ఏడుపు ఎందుకొస్తోందో.

మార్చి 6, గురువారం

ఎర్రది ఎంత బావుందో! దిక్కుమాలిన కారు, ఇంత బావుండకపోతే ఏం పోయింది దానికి?

గేర్ల రాడ్ పొట్టిగా, చేతికి చల్లగా. రెండోది నుంచి మూడోదానికి మణికట్టు కదిపితే చాలు, టక్‌మని కూర్చుంటుంది. వంపు తిరుగుతూ మూడోదాంట్లో పెట్టి నొక్కితే, వెనక రెండు వందల కేజీల సామానుందన్న సంగతే మర్చిపోయి దూకుతుంది. పేషంటు ఇంటికి వెళ్తున్నామన్నది ఓ క్షణం నేనూ మర్చిపోయాను, సిగ్గు లేకుండా.

క్లచ్ మాత్రం రాయి. పొద్దుట్నుంచి నాలుగు కాల్స్. మూడోదానికల్లా చేత్తో తొడ పట్టుకుని కిందికి నొక్కాల్సి వచ్చింది. డాక్టరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది, నన్ను చూసి ఉండదు.

మార్చి 9, ఆదివారం

మెట్లు దిగుతుంటే కాలు మడతపడింది. చెప్పు తెగిందని మా ఆవిడతో చెప్పాను. తెగలేదు.

మార్చి 11, మంగళవారం

ఈరోజు పరువు పోయింది.

ఎత్తురోడ్డు మీద సిగ్నలు. సైరన్ మోగుతోంది, ముందున్న బళ్లు ఎలాగోలా పక్కకి జరిగి దారిచ్చాయి. క్లచ్ వదుల్తుంటే కాలు మలేరియా వచ్చినట్టు వణికింది. బండి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేశాను, మళ్లీ ఆగింది. నేను! దారిచ్చిన ఆటోవాడు తల బయటపెట్టి, అన్నా కొత్తగా నేర్చుకుంటున్నావా అని అడిగాడు. వాడి నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది.

క్లచ్‌లో ఏమైనా ప్రాబ్లమా మాస్టారూ అంది డాక్టరమ్మ. అవును మేడం, మరీ గట్టిగా ఉంది అన్నాను. సాయంత్రం ఫారంలో తొమ్మిదో గడిలో అదే రాశాను. క్లచ్ గట్టి. అబద్ధం కాదు. నిజం కూడా కాదు.

పేషంటు ముసలాయన. ఆస్తమా. బాగానే ఉన్నాడు, ఒకటిన్నర నిమిషం ఆలస్యమైనా.

మార్చి 14, శుక్రవారం

బావమరిది నిన్న ఎర్రది నడిపాడు. అదే రూటు, అదే టైము. నాకంటే డెబ్బై సెకన్లు తక్కువ, పొద్దుట్నుంచి అదే పాట. కార్లలో రికార్డరు పెట్టారు, పెడల్ తొక్కడం దగ్గర్నుంచి అన్నీ అందులో పడతాయి. వాటిని తీసి ఫైలు చెయ్యడం వాడి డ్యూటీ. బావా, నువ్వేంటి రెండో గేరు వెయ్యడమే మానేశావు, అన్నీ నాలుగులోనే లాగించేస్తున్నావు అని అడిగాడు. ఇంజను చూసుకుని నడపాలిరా, నీలా ఊపడం కాదు అని కసిరాను. వాడి మొహం చిన్నబోయింది. వాడు నిజంగానే నేర్చుకుందామని అడిగాడు, అదే బాధ.

మార్చి 17, సోమవారం

బూడిదరంగుది వచ్చింది. పెడల్స్ రెండే. బ్రేకు పెడల్ ఇంత వెడల్పు, రెండు పాదాలూ పడతాయి. క్లచ్ ఉండాల్సిన చోట ఖాళీ.

బావమరిది గొప్ప సలహా ఇచ్చాడు. ఎడమ కాలి బూటు విప్పేసి కూర్చో బావా, లేకపోతే అలవాటుకొద్దీ అది క్లచ్ అనుకుని బ్రేకు తొక్కేస్తుంది, మొదటిసారి నాకూ అలాగే అయింది అన్నాడు. నాకు చెప్పేంతవాడివయ్యావా అన్నాను. నలుగురిలో అన్నాను. వాడు డిక్కీ సర్దుకోవడానికి వెళ్లిపోయాడు.

బూట్లు రెండూ వేసుకునే నడిపాను.

మార్చి 18, మంగళవారం

పాతికేళ్లుగా నేను తిట్టిపోసింది దీన్నా?

మార్చి 20, గురువారం

మొన్న మాట మింగేసి పడుకున్నాను. ఈరోజు సరిగ్గా రాస్తాను.

ఎనిమిది గేర్లు. ఎప్పుడు మారిందో ఒంటికి తెలియదు, చెవికి మాత్రం తెలుస్తుంది. బ్రేకు వేస్తూ వంపులోకి వస్తుంటే తనే రెండు గేర్లు దింపేసుకుని సిద్ధంగా ఉంటుంది. నేను దింపే గేరే, నేను దింపే చోటే, నాకంటే ముందు. చేతులు రెండూ స్టీరింగు మీదే. ఆస్పత్రి వెనక సందులో, ఎర్రదాంట్లో నేను చెమటలు కక్కిన మలుపులో, డాక్టరమ్మ ఫోన్లో మాట్లాడుతూనే ఉంది, గొంతు కూడా కదల్లేదు. డిక్కీలో గ్లూకోజు సీసాల చప్పుడు లేదు. ఈ నాలుగు రోజుల సగటు ఎర్రదానికంటే డెబ్బై అయిదు సెకన్లు తక్కువ.

ఎర్రదాంట్లో ఉన్న సరదా ఇందులో లేదు. నిజం. కానీ కింద పడి ఊపిరాడని మనిషికి నా సరదాతో ఏం పని?

కాలు నొప్పి లేదు. ఐదు నెలల తర్వాత నిద్ర పట్టింది.

మార్చి 22, శనివారం

గడ్డం గీసుకుంటూ కూనిరాగం తీశానట. ఏంటి విశేషం అని అడిగింది మా ఆవిడ. కొత్త కారు బావుంది అన్నాను. నీకు ఆటోమేటిక్ నచ్చిందా, ఒంట్లో బాగానే ఉందా అని నుదురు పట్టుకుని చూసింది. ఇద్దరం నవ్వాం. చెప్పేద్దామా అనిపించింది. కొనడం అయ్యాక చెప్దాంలే అనుకున్నాను.

మార్చి 25, మంగళవారం, సాయంత్రం 4

చేతికి ఇంకు అంటుకుంది. సబ్బుతో పోవట్లేదు.

పదకొండూ ఇరవైకి కాల్. ప్రింటింగు ప్రెస్సులో ఒకతను మెషీన్ పక్కన కుప్పకూలాడు, ఊపిరి లేదు. బయల్దేరాం. బ్రహ్మాండంగా వెళ్తున్నాం. డాక్టరమ్మకి ఒక అలవాటుంది, దారిలోనే వెనక్కి తిరిగి సీట్ల మధ్యలోంచి మందుల సంచీ తీసి, ఏ సూది ముందు కావాలో సర్దుకుంటుంది. అందుకని గట్టిగా బ్రేకు వేసే ముందు నేను బ్రేక్ అని కేకేస్తాను. ఆమె ఉన్నపళంగా డాష్‌బోర్డు పట్టుకుంటుంది. తొమ్మిదేళ్లుగా ఇదే పద్ధతి. కేక వెయ్యకుండా నేను ఏనాడూ గట్టి బ్రేకు వెయ్యలేదు.

నాలుగురోడ్ల జంక్షను. ముందొక లారీ. పక్కనుంచి వెళ్లిపోయేంత దారుంది. నా బుర్ర మాత్రం ఎప్పటిలాగే లెక్క వేసుకుంది. క్లచ్, రెండో గేరు, లాగు. అంతే. ఎడమ కాలు లేచి పడింది.

ఐదు నెలలుగా చెప్పు కూడా ఈడ్చలేని కాలు. ఎర్రదాని క్లచ్ సగం దాకా తొక్కడానికి చేతి సాయం అడిగిన కాలు. ఈరోజు ఎక్కణ్ణుంచి తెచ్చుకుందో అంత బలం, ఆ వెడల్పాటి బ్రేకు నేలకి తగిలేలా తొక్కింది. బండి అరిచి ఆగిపోయింది. కేక వెయ్యలేదు. ఎలా వేస్తాను, బ్రేకు వేస్తానని నాకే తెలియదు. వెనక్కి తిరిగి ఉన్న డాక్టరమ్మ చెయ్యి డాష్‌బోర్డుకి కొట్టుకుంది. చప్పుడు వినిపించింది. కుడిచెయ్యి.

పోనివ్వండి మాస్టారూ, పోనివ్వండి అంది. పోనిచ్చాను.

ప్రెస్సులో ఆమె చెయ్యి గుండెకి ఆనించుకుని, నోటితో చెబుతుంటే నేను అతని ఛాతీ నొక్కాను. గొంతులో ట్యూబు వెయ్యాలి, అది ఆమె చేతిపని, ఎడమచేత్తో రెండుసార్లు ప్రయత్నించింది, కుదరలేదు. అంబులెన్సు వచ్చేసరికి ఆరు నిమిషాలు. నలభయ్యేడేళ్ల మనిషి. ఒళ్లంతా నీలం ఇంకు. పోయాడు.

మనం వెళ్లేసరికే ఏమీ మిగల్లేదు, ట్యూబు పడినా ఇంతే అంది డాక్టరమ్మ. ఇన్‌ఛార్జిగారు ఫోన్ చేస్తే, సైకిలాయన ఒకడు అడ్డం వచ్చాడు సార్, మాస్టారు ఆపకపోతే చచ్చేవాడు అని చెప్పింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

మార్చి 26, బుధవారం

ఏ సైకిలూ రాలేదు.

మార్చి 27, గురువారం

బావమరిది గ్యారేజీ తలుపు మూసి కూర్చోబెట్టాడు. రికార్డరు కాగితం ముందు పెట్టాడు. బ్రేకు గీత నిట్టనిలువుగా లేచింది. యాక్సిలరేటరు గీత అప్పటికింకా కిందికి దిగలేదు. రెండూ ఒకే క్షణంలో. రెండు కాళ్లతో నడిపితే తప్ప అలా రాదు బావా అన్నాడు. చూపు కాగితం మీదే ఉంది.

తర్వాత వాడే దారి చూపించాడు. గేరుబాక్సు కుదుపు ఇచ్చిందని రాసెయ్, ఈ గీతలు చదవడం ఇక్కడ ఇంకెవడికీ రాదు, కాగితం నేను చూసుకుంటాను, అక్కకి కూడా చెప్పను, ఎటూ నీకు మాన్యువలే కదా ఇష్టం, ఎర్రదే కొనిద్దాం అన్నాడు. నన్ను కాపాడుతున్నాననుకుంటున్నాడు పిచ్చిసన్నాసి. నవ్వొచ్చింది. నవ్వితే భయపడ్డాడు.

ఇంటికొచ్చి కూర్చుని ఆలోచించాను. సైకిలు ఉందంటే బూడిదరంగుది వస్తుంది, నేను ఆరేళ్లు అందులో కూర్చుంటాను, ఈ కాలుని పక్కన పెట్టుకుని. గేరుబాక్సు తప్పంటే ఎర్రది వస్తుంది, గేర్ల మాస్టారి మాటే నెగ్గిందని అంటారు, ఆర్నెల్లు పరువుగా బతకొచ్చు. ఆ కారు చేసిన తప్పేంటి? తొక్కమన్నాను, ఆగింది. అంత బాగా ఏ కారూ ఆగదు.

మార్చి 29, శనివారం

డాక్టరమ్మ ఇంటికి వెళ్లాను. మోచేతి దాకా కట్టు. ఆరు వారాలు తప్పదట. పగటి షిఫ్టుకి వేరే డాక్టరు లేరు, మన కాల్స్ అన్నీ అవతలి స్టేషనుకి పోతున్నాయి, పదకొండు నిమిషాలు ఎక్కువ అని తనే చెప్పింది. టీ పెడతానని లేచింది. పంచదార డబ్బా మూత తియ్యలేక నాకు ఇచ్చింది. తీశాను. ఆ డబ్బా పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో.

సైకిలాయన చొక్కా రంగేంటి మాస్టారూ అని అడిగింది. నాకు అర్థం కాలేదు. ఎవరైనా అడిగితే ఇద్దరం ఒకటే చెప్పాలి కదా, ఆకుపచ్చ అనుకుందామా అంది. నవ్వుతూ అనలేదు.

ఏడుపు ఆగలేదు. ఇంత పెద్దమనిషిని, ఆమె వంటింట్లో నిలబడి ఏడ్చాను. మొత్తం చెప్పేశాను, నవంబరు నుంచి, గుమాస్తానని చెప్పిన దగ్గర్నుంచి. ఆమె వింది. ఎర్రకారు ఎత్తురోడ్డు మీద ఆగిపోయిన రోజే నాకు తెలుసు, మీ తొడ వణకడం చూశాను, నేను డాక్టర్నండీ అంది. మీలా నడిపేవాళ్లు లేరని నోరు మూసుకున్నాను, అప్పుడే చెప్పాల్సింది అంది. తిట్టినా బావుండేది. నా తప్పులో వాటా తీసుకుంది, అది భరించలేకపోయాను.

మార్చి 31, సోమవారం

బావమరిదికి చెప్పాను. ఎన్నాళ్ల నుంచి బావా అన్నాడు, తర్వాత, నేను డెబ్బై సెకన్లు అంటూ నిన్ను దెప్పాను కదా అన్నాడు. దాని గురించా వీడి బాధ!

ఖాళీ యార్డులోకి బూడిదరంగు కారు తీసుకెళ్లాం. బూటు విప్పాను. వాడు సలహా ఇచ్చిన రెండు వారాల తర్వాత. నలభైసార్లు వేగంగా వచ్చి ఆపాలి, వాడు బయట నిలబడి ఎప్పుడు పడితే అప్పుడు చెయ్యి ఊపుతాడు. కాలుని సీటు కిందికి మడిచిపెట్టుకుని, నా బుర్రనంతా అక్కడే పెట్టి నడిపాను.

మూడుసార్లు లేచింది.

ఒక్కసారి కూడా లేవలేదని వాడు అన్నాడు. నాకు లెక్క వచ్చురా అన్నాను.

ఏప్రిల్ 2, బుధవారం

ఫారం ఇచ్చేశాను. ఇరవైనాలుగు గళ్లు చాలక వెనకవైపు కూడా రాశాను.

ఆటోమేటిక్ కొనమన్నాను. వేగంలో, బ్రేకుల్లో, వంపుల్లో, డిక్కీలో సామాను కదలకపోవడంలో అదే మేలు. ఎర్రది నడపడానికి చాలా బావుంటుంది, ఆ బావుండడం డ్రైవరుకి మాత్రమే. నేను ఎర్రది నడిపిన టైములు లెక్కలోకి తీసుకోవద్దు, నడిపినవాడి ఎడమ కాలు సరిగ్గా పనిచెయ్యదు, రెండో డ్రైవరు టైములు చూడండి, వాటితో పోల్చినా ఆటోమేటిక్ ఐదు సెకన్లు ముందుంది. మార్చి ఇరవయ్యైదున సైకిలు లేదు. గేరుబాక్సు లోపం లేదు. తొక్కింది నేను. డాక్టరుగారు నా మీద జాలితో చెప్పిన మాటకి ఆవిణ్ణి ఏమీ అనవద్దు. మాన్యువల్‌కి అలవాటుపడ్డ డ్రైవర్లెవరైనా, ఎంత సర్వీసున్నా సరే, యార్డులో నలభైసార్లు ఆపి చూపించాకే కాల్‌కి పంపండి.

ఇన్‌ఛార్జిగారు నిలబడే చదివారు, తర్వాత కూర్చున్నారు. తాళాలు అడగలేదు. నేనే టేబులు మీద పెట్టాను. ప్రెస్సు అతని ఇంటివాళ్లకి చెప్పాలి కదా అన్నాను. చెబుతాం, నువ్వూ రావాలి అన్నారు. వస్తానన్నాను.

మా ఆవిడకి రాత్రి దాకా ఆగకుండా గుమ్మంలోనే చెప్పాను. ఐదు నెలలు పక్కన పడుకుని నాకు తెలియనివ్వలేదు, నేనేమన్నా పరాయిదాన్నా అంది. వంటింట్లోకి వెళ్లిపోయింది. ఇప్పటిదాకా మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టింది.

ఏప్రిల్ 9, బుధవారం

ప్రెస్సు అతని ఇంటికి వెళ్లొచ్చాం. అతని భార్య నన్ను ఒక్కటే అడిగింది. నువ్వు బ్రేకు వెయ్యకపోతే బతికేవాడా అని. డాక్టరమ్మ బతికేవాడు కాదంది. నేను తెలియదమ్మా అన్నాను.

మే 12, సోమవారం

పదకొండింటికి సైరన్. అదే. గేరుకీ గేరుకీ మధ్య ఇంజను ఊపిరి తీసుకోదు, అందుకే బూడిదరంగుదని తెలిసింది. డాక్టరమ్మ ఈరోజే మళ్లీ డ్యూటీలో చేరింది. స్టీరింగు మీద మా బావమరిది.

మా వీధి చివరికొచ్చాక సైరన్ మోత పక్కకి మళ్లింది, వాడు పెద్దరోడ్డు వదిలేసి సందులోకి తిప్పాడు. వెధవ, పెద్దరోడ్డు పట్టుకోవాలి అని పైకే అన్నాను. మా ఆవిడ భుజం పట్టుకుని గేటుదాకా వెళ్లి చూశాను. పెద్దరోడ్డు నిండా లారీలు, కదలకుండా.

నేనైతే అక్కడే ఇరుక్కునేవాణ్ణి. వాళ్లు ఈపాటికి చేరి ఉంటారు.